నల్లులు, బొద్దింకలు, ఎలుకలు: అపార్ట్‌మెంట్‌లో పెస్ట్ కంట్రోల్‌ని పిలిచే ముందు

ఈ వారం ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్ ఎప్పటిలాగే విడిగా పెట్టాం. మాట్లాడేటప్పుడు తొందరలో వదిలేసినవీ, ఒకసారి వింటే గుర్తుండనివీ ఇక్కడ రాస్తున్నాను.

అద్దె ఇళ్ల గురించి మాట్లాడినప్పుడల్లా కొన్ని మెసేజ్‌లు వస్తాయి. "అక్కా, నా పేరు మాత్రం చదవొద్దు" అని మొదలవుతాయి. చదివితే లోపల ఉండేది ఏ పెద్ద రహస్యమూ కాదు, నల్లులు. లేదంటే బొద్దింకలు. ఓనర్‌కి తెలిస్తే ఖాళీ చేయమంటాడేమో, డిపాజిట్ పట్టుకుంటాడేమో, రెండు బెడ్‌రూమ్‌ల ఇంట్లో ఐదుగురం ఉన్నామని బయటపడుతుందేమో అని భయం. "మీ వంటల వల్లే వచ్చాయి" అంటారేమోనన్న చిన్నతనం ఇంకొకటి. అందుకని నెలల తరబడి ఎవరికీ చెప్పరు. కనిపించిన స్ప్రే కొనుక్కొచ్చి కొడతారు. అది పని చేయకపోతే ఇండియా నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసులో మందు తెప్పిస్తారు. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. దాని గురించి కింద చెప్తాను.

నేను ఉండేది డబ్లిన్ దక్షిణం వైపు, లెపర్డ్స్‌టౌన్‌లో. 1888 నుంచి ఉన్న గుర్రప్పందాల మైదానం వల్ల ఈ పేరు చాలామందికి తెలుసు. పేరులో చిరుతపులి వినిపిస్తుంది కానీ, ఐరిష్‌లో ఈ ఊరి పేరుకి అర్థం కుష్ఠురోగుల ఊరు. జబ్బు ఉందని మనుషుల్ని దూరం పెట్టిన రోజుల పేరు అది. ఇప్పుడు ఇక్కడ ఆఫీసులు, లువాస్ గ్రీన్ లైన్, ఎం50 రోడ్డు, వాటి చుట్టూ సాండీఫోర్డ్ దాకా అపార్ట్‌మెంట్ బ్లాకులు. ఆ బ్లాకుల్లో మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు.

బ్లాక్ అన్న మాట గుర్తుపెట్టుకోండి. పెస్ట్ కంట్రోల్‌కి సంబంధించి సగం సంగతి దాంట్లోనే ఉంది.

మీ ఫ్లాట్ ఒక్కటే కాదు

ఊళ్లో ఇండిపెండెంట్ ఇంటికి చెదల మందు కొట్టిస్తే ఆ ఇంటి సంగతి అక్కడితో అయిపోతుంది. (చెదల భయం ఐర్లాండ్‌లో లేదు, ఆ ఒక్క విషయంలో నిశ్చింతగా ఉండొచ్చు.) అపార్ట్‌మెంట్ అలా కాదు. నీళ్ల పైపులు, డ్రైనేజీ, కరెంటు వైర్లు ఒక ఫ్లాట్ మీద ఒకటిగా నిలువు షాఫ్టుల్లో వెళ్తాయి. గోడకి పైపు దూరే చోట చుట్టూ ఖాళీ ఉంటుంది. కిచెన్ సింక్ కింద అర తెరిచి, ఫోన్ టార్చ్ వేసి చూడండి. పెన్సిల్ దూరేంత సందు ఉంటే చాలు, చిన్న ఎలుక దూరుతుంది. 6 మిల్లీమీటర్లు దానికి సింహద్వారం. బొద్దింకకి అంత కూడా అక్కర్లేదు.

మా బ్లాక్‌లో జరిగింది చెప్తాను. మూడో అంతస్తులో ఒకరింట్లో బొద్దింకలు కనిపించాయి. వాళ్లు సొంత డబ్బులతో మనిషిని పిలిపించి స్ప్రే కొట్టించారు. రెండు వారాలకి పక్క ఫ్లాట్‌లో, తర్వాత పైఫ్లాట్‌లో. వాళ్లూ విడివిడిగా పిలిపించారు. ముగ్గురి డబ్బూ పోయింది, బొద్దింకలు మాత్రం షాఫ్ట్ పట్టుకుని హాయిగా తిరిగాయి. ఘాటైన స్ప్రే కొడితే మందు తగలనివి చెదిరి పక్కింటికి పోతాయి. చివరికి ముగ్గురూ కలిసి ఒకే మెయిల్ పెట్టాక, బిల్డింగ్ మేనేజ్‌మెంట్ వాళ్లు ఆ షాఫ్ట్ మీదున్న ఫ్లాట్లన్నీ ఒకేసారి చేయించారు. అప్పుడు ఆగింది.

అందుకని కంపెనీకి ఫోన్ చేసే ముందు చేయాల్సిన పని: పక్కవాళ్ల తలుపు కొట్టడం. "మీ ఇంట్లో కూడా ఏమైనా కనిపిస్తున్నాయా?" అని అడగడానికి సిగ్గేం లేదు. నల్లులు శుభ్రత చూసి రావు. హోటల్ గది, విమానం సీటు, సెకండ్ హ్యాండ్ సోఫా, ఇంటికొచ్చిన చుట్టం బ్యాగు, ఏదైనా చాలు వాటికి.

ముందు ఏ పురుగో తేల్చుకోండి

"ఏదో కుడుతోంది" అని ఫోన్ చేస్తే అవతలివాళ్లు అన్నిటికీ కలిపి ఏదో ఒకటి కొట్టి వెళ్లే అవకాశం ఉంది. పరుపు అంచు కుట్టు దగ్గర పెన్ను ఇంకు చుక్కల్లా నల్లటి మచ్చలుంటే నల్లులు. పెద్ద నల్లి యాపిల్ గింజంత ఉంటుంది, కంటికి కనిపిస్తుంది. ఫ్రిజ్ మోటారు వెనక, డిష్‌వాషర్ కింద వెచ్చగా ఉన్న చోట లేత గోధుమ రంగులో, తల వెనక రెండు నల్ల గీతలతో, సెంటీమీటరున్నర లోపు ఉంటే జర్మన్ బొద్దింక. చలి దేశంలో హీటింగ్ ఉన్న ఇళ్లలో బతికేది ఇదే. నల్లజీలకర్ర గింజల్లాంటి రెట్టలు చిట్టెలుకవి, ఎండుద్రాక్ష అంతవి పెద్ద ఎలుకవి.

బాత్‌రూమ్‌లో రాత్రి లైట్ వేయగానే పరిగెత్తే వెండి రంగు పురుగుని చూసి చాలామంది కంగారుపడతారు. అది సిల్వర్‌ఫిష్. కుట్టదు, రోగం తేదు, తేమ ఉన్నచోట ఉంటుంది. దానికి డబ్బు ఖర్చు పెట్టకండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పని చేస్తోందో లేదో చూసుకోండి.

బియ్యం బస్తాలో ముక్కపురుగు, పిండిలో దారాలు కట్టే రెక్కల పురుగు వస్తే కూడా ఎవర్నీ పిలవక్కర్లేదు. పట్టినదాన్ని పారేసి, షెల్ఫ్ మూలలు వాక్యూమ్ చేసి, కొత్తగా తెచ్చినవాటిని గట్టి మూత డబ్బాల్లో పోయండి. ఫ్రీజర్‌లో చోటుంటే కొత్త పిండి, పప్పు నాలుగైదు రోజులు పెట్టి తీస్తే గుడ్లు కూడా చస్తాయి. ఆఫర్ ఉందని ఇద్దరున్న ఇంటికి 20 కిలోల బస్తాలు రెండు కొనడం మానేస్తే ఇంకా మంచిది, అది వేరే సంగతి.

డబ్బులు ఎవరు కట్టాలి

నల్లుల ఖర్చు ఓనర్‌దా, అద్దెకున్నవాళ్లదా అని ఒక్క ముక్కలో చెప్పే లైన్ ఐర్లాండ్ చట్టంలో వెతక్కండి. కానీ పట్టుకోవడానికి గట్టి కొమ్మలే ఉన్నాయి.

ఇల్లు మొత్తం అద్దెకి తీసుకుంటే మీకు వర్తించేది 2004 నాటి రెసిడెన్షియల్ టెనెన్సీస్ చట్టం. దాని 12వ సెక్షన్ ప్రకారం ఇంటి నిర్మాణాన్నీ, లోపలి భాగాన్నీ సరైన స్థితిలో ఉంచాల్సింది ఓనరే. 2019లో వచ్చిన అద్దె ఇళ్ల ప్రమాణాల నిబంధనల్లో, పురుగులూ ఎలుకలూ చొరబడని చెత్త నిల్వ సదుపాయం అద్దెకుండేవాళ్లకి అందుబాటులో ఉండాలని కూడా ఉంది. అంటే గోడ సందుల్లోంచి ఎలుకలు వస్తున్నా, కింద బిన్ రూమ్ తలుపు సరిగా పడక వస్తున్నా, అది మీ వంట మీదికి నెట్టేసే విషయం కాదు. అదే వారాల తరబడి చెత్త ఇంట్లోనే పేర్చి పెట్టారని తేలితే ఓనర్ మిమ్మల్ని అడుగుతాడు, అందులో న్యాయమూ ఉంది.

నల్లుల దగ్గరే గొడవ ఎక్కువ. ఎవరు తెచ్చారో రుజువు చేయడం ఇద్దరికీ కష్టం. ఇక్కడ తేదీ మీకు సాక్ష్యం. ఇంట్లో దిగిన మొదటి వారంలోనే మచ్చలు చూసి ఫోటోతో మెయిల్ పెట్టినవాళ్ల మాటకి ఉన్న బరువు, ఎనిమిది నెలలు దాచి చెప్పినవాళ్ల మాటకి ఉండదు. పైగా రిపేరు అవసరమైన లోపం కనిపిస్తే ఓనర్‌కి తెలియజేయడం చట్టం ప్రకారం అద్దెకున్నవాళ్ల బాధ్యత. రిపేరుకి వచ్చినవాళ్లని లోపలికి రానివ్వడం కూడా. దాచడం వల్ల మీ పక్షమే బలహీనమవుతుంది.

మెయిల్‌లో ఏముండాలంటే: ఏ పురుగు, ఏ తేదీన మొదట కనిపించింది, ఏ గదిలో, ఫోటోలు, పక్క ఫ్లాట్లలో కూడా ఉందా, ఎప్పటిలోగా మనిషిని పంపుతారు. కోపం అక్కర్లేదు, కథ అక్కర్లేదు. ఫోన్‌లో మాట్లాడినా, "ఇవాళ మనం ఇలా అనుకున్నాం" అని వెనకే ఒక మెయిల్ పెట్టండి. వాట్సాప్ అయినా సరే, రాతలో ఉండాలి.

చెప్పినా కదలకపోతే? అదే 12వ సెక్షన్‌లో ఇంకో సంగతి ఉంది. ఓనర్ బాధ్యత అయిన రిపేరు అడిగినా చేయకపోతే, ఆగడం వల్ల ఆరోగ్యానికో భద్రతకో పెద్ద ముప్పు ఉంటే, లేదా ఇంట్లో బతుకు బాగా దెబ్బతింటుంటే, మీరు చేయించుకుని రశీదులున్న న్యాయమైన ఖర్చుని తిరిగి అడగవచ్చు. ఆ డబ్బుని మీ అంతట మీరే అద్దెలోంచి కోసుకోకండి. అద్దె బకాయి అని నోటీసు వచ్చి, మీ మంచి కేసు కాస్తా పాడవుతుంది. అద్దె కడుతూనే రెసిడెన్షియల్ టెనెన్సీస్ బోర్డు, అంటే ఆర్‌టీబీ దగ్గర వివాదం వేయండి. వాళ్ల మధ్యవర్తిత్వం ఉచితం. ఇంటి స్థితి మీద లోకల్ కౌన్సిల్‌కి కూడా ఫిర్యాదు చేయొచ్చు. లెపర్డ్స్‌టౌన్ వాళ్లకి అది డన్ లీరీ రాత్‌డౌన్ కౌంటీ కౌన్సిల్. అద్దె ఇళ్లని తనిఖీ చేసేది వాళ్లే.

ఫిర్యాదు చేశారన్న కోపంతో ఓనర్ మిమ్మల్ని వేధించకూడదని కూడా ఆ చట్టంలోనే 14వ సెక్షన్ ఉంది. ఈ ఒక్క ముక్క తెలియక భయపడేవాళ్లే నాకు ఎక్కువ మెసేజ్‌లు పెడతారు.

ఇక అగ్రిమెంట్‌లో ఇద్దరి పేర్లుండి ఇంట్లో ఐదుగురు ఉంటే, అది ఓనర్‌తో మీకున్న వేరే సమస్య. అది లేదని నేను చెప్పను. కానీ అది ఉందని నల్లులతో కాపురం చేయక్కర్లేదు. ముందు థ్రెషోల్డ్ అనే సంస్థతో మాట్లాడండి. అద్దెకుండేవాళ్లకి ఉచితంగా సలహా ఇస్తారు. ఓనర్ ఉంటున్న ఇంట్లోనే ఒక గది తీసుకున్నవాళ్లకి ఆర్‌టీబీ సాధారణంగా వర్తించదు, వాళ్లు కూడా ముందు థ్రెషోల్డ్‌నే అడగడం మంచిది.

సొంత ఫ్లాట్ కొనుక్కున్నవాళ్ల దారి వేరు. కారిడార్లు, షాఫ్టులు, బిన్ రూమ్, కార్ పార్కింగ్ వంటి ఉమ్మడి భాగాలు 2011 నాటి మల్టీ యూనిట్ డెవలప్‌మెంట్స్ చట్టం కింద ఓనర్ల మేనేజ్‌మెంట్ కంపెనీ చేతిలో ఉంటాయి. మీరు ఏటా కట్టే సర్వీస్ ఛార్జీ అందుకే. ఆ కంపెనీలో మీరూ సభ్యులే, వార్షిక సమావేశంలో అడిగే హక్కుంది. అద్దెకున్నవాళ్లు సభ్యులు కారు కాబట్టి ఓనర్ ద్వారా అడిగించాలి, లేదా మేనేజింగ్ ఏజెంట్‌కి మెయిల్ పెట్టి ఓనర్‌ని కాపీలో ఉంచాలి.

కంపెనీని ఏమడగాలి

ఎవరు డబ్బు కట్టినా ఇంట్లో మందు పెట్టేది మీ పిల్లల మధ్య. అందుకని అడగండి, మొహమాటపడకండి.

మొదట, చూసి చెప్తారా, చూడకుండానే రేటు చెప్తారా? ఫోన్‌లోనే "ఒక్క స్ప్రేతో గ్యారంటీ" అన్నవాళ్లని నేనైతే వదిలేస్తాను. నల్లి గుడ్డు గది వేడిలో సుమారు వారం నుంచి పది రోజుల్లో పిల్ల అవుతుంది. చాలా మందులు గుడ్డుని చంపవు. కాబట్టి మందుతో చేస్తే రెండు వారాల తేడాతో కనీసం రెండోసారి రావాలి. ఆ రెండో రాక కొటేషన్ రేటులో ఉందా, విడిగా కట్టాలా, పన్ను కలిపే చెప్పారా అని రాతలో తీసుకోండి. మొదటి కంపెనీ రేటు తక్కువ అనిపించడం, తీరా చూస్తే అది ఒక్క రాకకే కావడం మామూలే.

నల్లులకి వేడి పద్ధతి కూడా ఉంది. గదిని 50 డిగ్రీల పైకి వేడెక్కించి కొన్ని గంటలు ఉంచుతారు. ఖర్చు ఎక్కువ, కానీ గుడ్లు కూడా పోతాయి, మందు అవశేషం ఉండదు. పసిపిల్లలున్న ఇంట్లో ఓనర్ ఒప్పుకుంటే అడగదగిన పద్ధతి.

బొద్దింకలకి మాత్రం స్ప్రే కన్నా జెల్ మేలు. సందుల్లో చిన్న చిన్న చుక్కలు పెడతారు. బొద్దింక తిని గూటికి పోయి చస్తుంది, దాన్ని తిన్నవి కూడా చస్తాయి. అక్కడ మన అలవాటు అడ్డం వస్తుంది. జెల్ పెట్టి వెళ్లిన సాయంత్రమే ఒక బొద్దింక కనిపించగానే స్ప్రే డబ్బా తీసి కొడతాం. ఆ వాసనకి మిగతావి జెల్ దగ్గరికి రావు. కట్టిన డబ్బులు వృథా. ఒక గుడ్ల సంచిలో 30, 40 పిల్లలుంటాయి కాబట్టి మొదటి వారాల్లో చిన్నవి కనిపించడం మామూలే, ఓపిక పట్టాలి.

ఎలుకలకి మందు కన్నా ముందు సందులు మూయడం. స్టీల్ ఊల్ కుక్కి, పైన సీలెంట్ పెట్టడం కొటేషన్‌లో లేకపోతే ఎందుకు లేదని అడగండి. విషం పెట్టి సందు వదిలేస్తే వచ్చే నెల కొత్త ఎలుకలు వస్తాయి. పైగా విషం తిన్నది కొన్ని రోజుల తర్వాత గోడ లోపల చస్తే ఆ వాసన భరించలేరు. బ్రోడిఫాకమ్, బ్రోమడయోలోన్ లాంటి మందులు ఎలుకని తిన్న గుడ్లగూబనీ చంపుతాయి. అందుకే యూరప్‌లో 2018 నుంచి మామూలు జనానికి అమ్మే వాటిలో మోతాదు 0.003 శాతం కన్నా తక్కువే ఉండాలి. అంతకన్నా గట్టివి శిక్షణ పొందిన ప్రొఫెషనల్స్‌కే. విషం పెట్టెలు తాళం ఉన్నవై ఉండాలి, పని అయ్యాక తీసేయాలి. ఏళ్ల తరబడి అలా వదిలేయడం పద్ధతి కాదు.

మనిషి సంగతి: శిక్షణ ఏమిటి, పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉందా, ఐరిష్ పెస్ట్ కంట్రోల్ అసోసియేషన్‌లో సభ్యులా అని అడగండి. ఈఎన్ 16636 అనే యూరోపియన్ ప్రమాణం ఉన్న కంపెనీ అయితే ఇంకా మంచిది. పని అయ్యాక వాడిన మందు పేరు, ఎక్కడెక్కడ పెట్టారు, ఎన్ని గంటలకి తిరిగి లోపలికి రావచ్చు అన్నవి రాసిచ్చిన రిపోర్టు తీసుకోండి. ఇంట్లో గర్భిణి, పసిబిడ్డ, ఆస్తమా ఉన్నవాళ్లు, చేపల తొట్టి ఉంటే ముందే చెప్పండి. డబ్బు కార్డు మీద కట్టి రశీదు తీసుకోండి. క్యాష్ అయితే తగ్గిస్తామంటారు, కానీ రశీదు లేకపోతే ఓనర్‌ని అడగడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

సూట్‌కేసులో మందులు

ఇది గట్టిగా చెప్తున్నాను. ధాన్యంలో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు, సల్ఫాస్ అనో సెల్ఫాస్ అనో ఊళ్లో పిలిచేవి, ఇంట్లో పెట్టకండి. అసలు తేకండి. గాలిలో తేమ తగిలితే అవి ఫాస్ఫీన్ వాయువు వదులుతాయి. మూసిన ఇంట్లో అది మనుషుల్ని చంపుతుంది. మీరు తలుపేసి బయటికి వెళ్లినా, ఇందాక చెప్పిన షాఫ్టులూ సందులూ ఉన్నాయి కదా, పక్కింట్లో నిద్రపోతున్న పిల్లల దాకా వెళ్లగలదు. దానికి విరుగుడు మందు లేదు.

లక్ష్మణ రేఖ సుద్ద, స్ప్రే డబ్బాలు అంత భయంకరమైనవి కావు కానీ, యూరప్‌లో 528/2012 బయోసైడ్ రెగ్యులేషన్ కింద అనుమతి ఉన్న ఉత్పత్తులే వాడాలి. సుద్ద గీతల దగ్గర పాకే పిల్లల చేతులు నేరుగా నోట్లోకి వెళ్తాయి. పురుగుమందు స్ప్రే డబ్బా విమానంలో తేవడమూ కుదరదు.

ఏదైనా మందు పిల్లలు నోట్లో పెట్టుకున్నారనిపిస్తే డబ్లిన్ బోమాంట్ ఆసుపత్రిలోని పాయిజన్స్ సెంటర్ నంబర్ 01 809 2166. ఉదయం 8 నుంచి రాత్రి 10 దాకా పలుకుతారు. మనిషి పడిపోయినా, ఊపిరి ఆడకపోయినా నేరుగా 112. ఐర్లాండ్ బయట ఉన్నవాళ్లు మీ దేశం పాయిజన్ లైన్ నంబర్ ఇవాళే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

పని అయ్యాక

నల్లులైతే పక్కబట్టలు 60 డిగ్రీల్లో ఉతికి, డ్రయ్యర్‌లో బాగా వేడి మీద ఆరేయండి. పరుపుని కారిడార్‌లోనో బిన్ రూమ్‌లోనో పడేస్తే బ్లాక్ అంతా పంచినట్టే. ప్లాస్టిక్ కవర్లో మూసి, రీసైక్లింగ్ సెంటర్ వాళ్లని ముందే అడిగి తీసుకెళ్లండి. హాల్లో సోఫా మీద పడుకోవడం మొదలెట్టకండి, నల్లులు మీ వెనకే హాల్లోకి వస్తాయి.

ఊళ్లో అన్నం గిన్నెకి చీమలు పట్టకుండా నీళ్ల పళ్లెంలో పెట్టేవాళ్లం గుర్తుందా. నల్లులకీ అలాంటివే అమ్ముతారు. మంచం కాళ్ల కింద పెట్టే ప్లాస్టిక్ గిన్నెలు, దిగిన నల్లి పైకి ఎక్కలేదు. మంచం గోడకి తగలకుండా జరిపి, వాటిని పెట్టి, వారానికోసారి చూడండి. రెండో రాక తర్వాత కూడా గిన్నెలో నల్లి పడితే తేదీతో ఫోటో తీసి కంపెనీకి పంపండి.

ఒప్పుకున్న రెండో రాకకి రాకుండా ముఖం చాటేస్తే, సేవని సరైన నైపుణ్యంతో చేయాలని 2022 నాటి కన్జ్యూమర్ రైట్స్ చట్టం చెప్తోంది. మీరే డబ్బు కట్టి ఉంటే 2,000 యూరోల లోపు వివాదాన్ని స్మాల్ క్లెయిమ్స్ పద్ధతిలో వేయొచ్చు. ఫీజు 25 యూరోలు, లాయర్ అక్కర్లేదు. కొటేషన్, రశీదు, రిపోర్టు, తేదీలున్న ఫోటోలు దానికి జత చేయండి.